57 ఏళ్లకు స్కూబా: ఫారంలో ‘లేదు’ అని రాసి వచ్చాను, ఇప్పుడేం చేయాలి?

వెన్నెలకెరటం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాకు 57. ఈత వచ్చు, నీళ్లంటే భయం లేదు. నీటి కిందికి వెళ్లి చూడాలన్న కోరిక మాత్రం ఏళ్ల తరబడి వాయిదా పడుతూనే వచ్చింది. ఉద్యోగం, పిల్లల చదువులు, అత్తగారి అనారోగ్యం, ఎప్పుడూ ఏదో ఒకటి. ఇప్పుడు తీరిక దొరికింది. స్కూబాలో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సులో చేరాను. థియరీ అయిపోయింది. పూల్‌లో మొదటి క్లాసుకు వెళ్లాను, అక్కడ రెండు చిక్కులు వచ్చాయి.

మొదటిది మాస్క్. దాన్ని సగం వరకు నీళ్లతో నింపుకొని, కిందే ఉండి ఖాళీ చేయాలట. నీళ్లు ముక్కుకు తగలగానే ఊపిరి బిగుసుకుపోయి లేచి నిలబడ్డాను. మూడుసార్లూ అంతే. నాతో నేర్చుకునే వాళ్లంతా ఇరవైల్లో ఉన్నారు, మొదటిసారికే చేసేశారు.

రెండోది చెప్పడానికి ఇబ్బందిగా ఉంది. మెడికల్ ఫారంలో బీపీ ఉందా అని అడిగిన చోట ‘లేదు’ అని పెట్టాను. ఉంది. ఆరేళ్లుగా రోజుకో మాత్ర వేసుకుంటున్నాను. ‘ఉంది’ అని పెడితే వెనక్కి పంపేస్తారేమో అనిపించింది. రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

పదోమీటర్ (ఇన్‌స్ట్రక్టర్)

ముందు మాస్క్ సంగతి చూద్దాం అమ్మా, అది తేలిక. నీళ్లు ముఖానికి, ముక్కుకు తగిలినప్పుడు ఊపిరి దానంతట అదే ఆగుతుంది. మునిగిపోకుండా శరీరం తనను తాను కాపాడుకునే పద్ధతి అది, అందరిలోనూ ఉంటుంది. కొందరిలో బలంగా ఉంటుంది, అంతే. ముక్కు మూసుకుపోయి ఉన్నా నోటితో గాలి పీల్చవచ్చని శరీరానికి నేర్పించాలి.

ఇలా చేయండి. నడుము లోతు నీళ్లలో నిలబడి, మాస్క్ లేకుండా, స్నార్కెల్ (నీటి పైకి ఉండే శ్వాస గొట్టం) ఒక్కటే నోట్లో పెట్టుకుని ముఖం ముంచండి. నోటితో పీల్చి ముక్కుతో కొంచెం కొంచెంగా వదలండి. మొదట పది శ్వాసలు. అది హాయిగా అనిపించాక ముప్పై. ఆ తర్వాత మాస్క్ పెట్టుకుని చెంచాడు నీళ్లు మాత్రమే రానివ్వండి. ఖాళీ చేసేటప్పుడు మాస్క్ పైఅంచును నుదుటికి అదిమి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో ‘హ్మ్మ్’ అని నిదానంగా వదలండి. ఒక్కసారిగా బలంగా చీదొద్దు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గాలి అంతా ఒక్క క్షణంలో పోతే నీళ్లు అలాగే మిగిలిపోతాయి.

ఇరవై ఏళ్ల పిల్లలతో పోల్చుకోకండి. మీకు విడిగా ఇంకో పూల్ క్లాసు కావాలని అడగండి. ఏ మంచి ఇన్‌స్ట్రక్టరూ కాదనడు.

ఫారం విషయం డాక్టర్లు చెప్పాలి. నా మాట మాత్రం ఒక్కటే: దాన్ని సరిచేసేదాకా సముద్రంలో దిగకండి.

గాలిబుడగ

అక్కా, నా అభిప్రాయం వేరు. మాత్ర వేసుకుంటున్నారు, బీపీ అదుపులో ఉంది. అంటే లేనట్టే కదా? ‘ఉంది’ అని పెడితే డాక్టర్ సంతకం, పరీక్షలు, ఇంకో నెల ఆలస్యం. జర్మన్ సినిమా దర్శకురాలు లేనీ రీఫెన్‌స్టాల్ 1902లో పుట్టారు. డెబ్భై దాటాక డైవింగ్ నేర్చుకుంటూ కాగితాల్లో ఇరవై ఏళ్లు తగ్గించి రాశారట. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నీటి అడుగున ఫొటోలు తీశారు. ఆమె నాజీల కోసం తీసిన సినిమాల మీద నాకు ఏ గౌరవమూ లేదు, డైవింగ్ వరకే చెబుతున్నాను.

తెల్లకోటు (డాక్టర్, డైవర్)

గాలిబుడగ గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఈ సలహాను ఇక్కడే ఆపేద్దాం. ఆవిడ దాచింది వయసు. ఈ రోజు ఆ అవసరమే లేదు, స్కూబాకు పై వయసు పరిమితి లేదు. వెన్నెల గారు దాచింది రక్తనాళాల సంగతి. రెండూ ఒకటి కావు.

ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్న ఫారంలో ‘వయసు 45 దాటిందా’ అని ఒక ప్రశ్న ఉంటుంది. అవును అంటే ఇంకొన్ని అడుగుతారు: పొగ తాగుతారా, కొలెస్ట్రాల్ ఎక్కువా, బీపీ ఉందా, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా 50 లోపే గుండెజబ్బు వచ్చిందా. వీటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టర్ చూసి సంతకం చేయాలి. అవునంటే కోర్సు నుంచి పంపేస్తారని కాదు. ఒకసారి పరీక్ష చేయించుకు రమ్మని, అంతే.

ఎందుకు అడుగుతారో చెబుతాను. మెడ లోతు నీళ్లలోకి దిగగానే, ఇంకా డైవ్ మొదలుకాక ముందే, కాళ్లలోని రక్తం అరలీటరు పైగా ఛాతీలోకి చేరుతుంది. నీళ్లు చల్లగా ఉంటే చర్మం దగ్గరి నాళాలు కుంచించుకుని మరింత వస్తుంది. గుండె ఆ భారాన్ని మోయాలి. ఆరోగ్యంగా ఉన్న గుండె తేలిగ్గానే మోస్తుంది, మూత్రపిండాలు ‘నీరెక్కువైంది’ అనుకుని పని మొదలుపెడతాయి. డైవ్‌లో అందరికీ మూత్రం వచ్చేది అందుకే. బీపీ సరిగా అదుపులో లేని మనిషిలో ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడి, రక్తనాళాల్లోంచి నీరు గాలి గదుల్లోకి ఊరవచ్చు. నీట మునిగినందువల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపు అది. ఆయాసం, దగ్గు, ఒక్కోసారి గులాబీరంగు నురగ. వయసు, బీపీ, చల్లటి నీళ్లు, తొందరగా ఈదడం, ఇవన్నీ ఆ ప్రమాదాన్ని పెంచుతాయి.

ఇంకొకటి: మీ మాత్ర ఏ రకం? బీటా బ్లాకర్ అనే రకం బీపీ మందు అయితే కష్టపడేటప్పుడు గుండె వేగాన్ని అది అడ్డుకుంటుంది. అలలకు ఎదురు ఈదాల్సి వస్తే త్వరగా అలసిపోతారు. కొన్ని మాత్రలు పొడిదగ్గు తెస్తాయి. మార్చడానికి వేరే మందులున్నాయి, కానీ మీ అంతట మీరు ఆపకండి.

బీపీ అదుపులో ఉండి, గుండె, కిడ్నీ దెబ్బతినకుండా ఉంటే చాలామందికి అనుమతి వస్తుంది. వెళ్లి నిజం చెప్పండి.

శంఖం60

నేను అరవైలో మొదలుపెట్టాను, ఇప్పుడు 66. డాక్టర్ గారు చెప్పింది పుస్తకంలో మాట కాదు, నేను కళ్లారా చూశాను.

నాలుగేళ్ల కిందట ఒక పెద్దాయనతో బడ్డీగా, అంటే ఒకరినొకరు చూసుకునే జంటగా, దిగాను. చక్కగా ఈదారు, 14 మీటర్ల దాకా వెళ్లాం, గాలి కూడా బాగానే మిగిలింది. పైకొచ్చాక పడవ నిచ్చెన దగ్గర ఆగిపోయారు. సిలిండర్ వీపునే ఉంది, నడుముకు సీసం బరువులు ఉన్నాయి, అలలు పడవను ఊపుతున్నాయి. రెండు మెట్లెక్కి ‘ఊపిరందట్లేదు’ అన్నారు. పెదాలు నీలంగా మారాయి. పడవలో ఆక్సిజన్ ఉంది కాబట్టి సరిపోయింది. ఆస్పత్రిలో తేలిందేమిటంటే ఆయనకు బీపీ ఉంది, మాత్ర అప్పుడప్పుడు మాత్రమే వేసుకునేవారు, ఫారంలో రాయలేదు. బతికారు. ఆ రోజు ఆయన భార్య ఒడ్డున నిలబడి నన్ను అడిగిన ప్రశ్న ‘మీకు తెలుసా?’ అని. నాకు తెలియదు. తెలిసుంటే ఆయన్ని నిచ్చెన ఎక్కనిచ్చేవాణ్ణి కాదు, నీళ్లలోనే బరువులు, సిలిండర్ విప్పించి పైకి అందించేవాణ్ణి.

మెడికల్ ఫారం మీకోసమే కాదమ్మా, మీ పక్కన ఈదేవాళ్ల కోసం కూడా.

గాలిబుడగ

నేను చెప్పింది తప్పు. బడ్డీ గురించి అసలు ఆలోచించలేదు. అక్కా, నా మాట పట్టించుకోకండి.

ఈతరాదు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు 49. ఈత అంతంత మాత్రమే. నాలాంటి వాళ్లకు కోర్సులో చోటుందా?

పదోమీటర్ (ఇన్‌స్ట్రక్టర్)

ఉంది, కానీ ఈత ముందు. నేను నేర్పే పాడీ (డైవింగ్ శిక్షణ సంస్థ) కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, లేదా మాస్క్, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు), స్నార్కెల్ వేసుకుని 300 మీటర్లు. సమయ పరిమితి లేదు, ఏ పద్ధతిలో ఈదినా సరే. దానితో పాటు పది నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా నీళ్లలో తేలుతూ ఉండాలి. నా దృష్టిలో ఈ పది నిమిషాలదే ఎక్కువ విలువ. తేలడం వచ్చినవాడు కంగారుపడడు. మూడు నెలలు ఈతకే ఇవ్వండి, స్కూబా ఎక్కడికీ పోదు.

నెమ్మదిబుడగ

వెన్నెల గారూ, నాకు 64. యాభై తొమ్మిదిలో నేర్చుకున్నాను. నాకు మాస్క్ ఇబ్బంది పెట్టలేదు, చెవులు పెట్టాయి. మీకూ ఆ దశ వస్తుంది కాబట్టి ముందే రాస్తున్నాను.

నీళ్లలో పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైన ఒకటి, పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు. అంటే మొదటి పది మీటర్లలోనే గాలి పరిమాణం సగానికి పడిపోతుంది, తర్వాతి పదిలో సగం నుంచి మూడో వంతుకే. చెవికి అసలు కష్టం అడుగున కాదు, పైనే. లోతుకు భయపడి మొదటి మూడు మీటర్లు గబగబా దిగేసేదాన్ని, నొప్పి వచ్చాక ముక్కు నొక్కి బలంగా ఊదేదాన్ని. అప్పటికే చెవిని గొంతు వెనకభాగంతో కలిపే గొట్టం మూసుకుపోయి ఉంటుంది, ఇక తెరుచుకోదు. ఇప్పుడు నీటి మీద ఉండగానే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకు ఒకసారి, నొప్పి రాకముందే మెల్లగా చేస్తాను. తల పైకి, కాళ్లు కిందికి, తాడు పట్టుకుని దిగుతాను. మింగడం కలిపితే ఇంకా బాగా తెరుచుకుంటుంది. చెవి తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వస్తాను. నా వెనక ఎవరు ఎదురుచూస్తున్నా సరే.

జలుబుంటే దిగను. ముక్కు తెరిపించే మందు వేసుకుని దిగితే, దాని ప్రభావం అడుగున ఉండగా తగ్గిందనుకోండి, పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి బయటికి పోలేక చిక్కుకుంటుంది. దిగకుండా ఉండటం మన చేతిలో ఉంటుంది, పైకి రావడం మన చేతిలో ఉండదు, రావాల్సిందే.

కళ్లు కూడా. నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి చేపలన్నీ బాగానే కనిపించాయి, కానీ చేతిలోని గేజ్ మీది అంకెలు నాకు మసక. గాలి ఎంత మిగిలిందో చదవలేకపోతే డైవింగ్ చేయకూడదు. మాస్క్ అద్దం లోపలివైపు కింద అంటించుకునే చిన్న దగ్గరచూపు అద్దాలు దొరుకుతాయి. లోతు, సమయం చూపించే డైవ్ కంప్యూటర్‌ను పెద్ద అంకెలది కొనుక్కున్నాను. దీని గురించి ఏ క్లాసులోనూ ఎవరూ నాకు చెప్పలేదు, ఎందుకంటే నేర్పేవాళ్లంతా కుర్రవాళ్లు.

శంఖం60

నెమ్మదిబుడగ గారి మాటకు ఒకటి కలుపుతాను. మోకాళ్ల గురించి. గాలి నింపిన అల్యూమినియం సిలిండర్, బీసీడీ (గాలి నింపి తేలడానికి వాడే జాకెట్), రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) కలిపితే ఇరవై కేజీల దాకా ఉంటుంది. పడవ మీద దాన్ని వీపున వేసుకుని నడవాల్సిన పని లేదు. నీళ్లలో వేసుకోండి, నీళ్లలో విప్పండి. సహాయం అడగండి. మొదట్లో నాకు అడగాలంటే నామోషీగా ఉండేది, పెద్దాయన సంఘటన తర్వాత పోయింది.

ఆశ కోసం ఒక్క మాట. రే వూలీ అనే బ్రిటిష్ ఆయన 1923లో పుట్టారు. 2017లో సైప్రస్ దగ్గర మునిగిపోయిన జెనోబియా అనే నౌక దగ్గరికి 94 ఏళ్ల వయసులో దిగి గిన్నిస్ రికార్డు పెట్టారు. తర్వాతి రెండేళ్లలో తన రికార్డును తనే రెండుసార్లు దాటారు. సముద్ర శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ 1935లో పుట్టి ఎనభైలు దాటాక కూడా డైవ్ చేస్తూనే ఉన్నారు. వయసు ఒక్కటే ఎవరినీ ఆపదు.

వెన్నెలకెరటం

(రెండో రోజు రాత్రి)

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. శంఖం గారూ, మీరు రాసిన ‘మీకు తెలుసా?’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. నా కూతురు నాతో కలిసి దిగాలనుకుంటోంది. ఆ ప్రశ్న ఎవరైనా దాన్ని అడిగితే?

ఈ సాయంత్రం ఇన్‌స్ట్రక్టర్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ‘మంచి పని చేశారండీ, కొత్త ఫారం పంపిస్తాను’ అన్నారు. సంతకం వచ్చేదాకా ఇక నీళ్లలోకి దిగవద్దన్నారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

తెల్లకోటు (డాక్టర్, డైవర్)

సంతోషం అండీ. వెళ్లేటప్పుడు వారం రోజుల బీపీ రీడింగులు పొద్దునా సాయంత్రం రాసి పట్టుకెళ్లండి. డైవింగ్ గురించి తెలియని డాక్టర్ అయితే, ఫారంతో పాటు డాక్టర్లకోసం ఇచ్చే మార్గదర్శకాలు కూడా ఉంటాయి, అవి చూపించండి. ట్రెడ్‌మిల్ పరీక్ష అడిగితే వద్దనకండి. ఫారంలోనే ఒక కొలత ఉంది: 1.6 కిలోమీటర్లు 14 నిమిషాల్లో నడవగలరా అని. అది రేపటి నుంచే మొదలుపెట్టండి. రోజూ.

వెన్నెలకెరటం

(ఐదు వారాల తర్వాత)

ఆలస్యమైంది, క్షమించండి. చాలా జరిగింది, వరసగా చెబుతాను.

డాక్టర్ మాత్ర మార్చారు. నాది బీటా బ్లాకరే. కొత్త మందు కుదురుకోవడానికి మూడు వారాలు ఆగమన్నారు. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగా వచ్చింది. సంతకం పెట్టారు. 1.6 కిలోమీటర్ల నడక మొదట 17 నిమిషాలు పట్టింది, ఇప్పుడు 13 చిల్లర.

సంతకం వచ్చాక మాస్క్ కోసం విడిగా మూడు పూల్ క్లాసులు తీసుకున్నాను. పదోమీటర్ గారూ, మీరు చెప్పిన స్నార్కెల్ పద్ధతే. మొదటి రోజు నాలుగు శ్వాసలు, మూడో రోజుకి మాస్క్ పూర్తిగా తీసేసి పూల్ ఆ చివరి దాకా ఈదాను. పైకొచ్చాక అరుపు ఆపుకోలేకపోయాను.

నిన్న సముద్రంలో మొదటి రెండు డైవ్‌లు అయ్యాయి. తాడు పట్టుకుని అరమీటరు చొప్పున దిగాను. నా కూతురు పక్కనే ఆగింది, నేను చెవి వైపు చూపించిన ప్రతిసారీ ఆగింది. తొమ్మిది మీటర్ల దగ్గర ఇసుక. రెగ్యులేటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. బీసీడీలో కొంచెం గాలి వేస్తే నేల నుంచి లేచాను. ఊపిరి నిండుగా పీలిస్తే మెల్లగా పైకి, వదిలితే మెల్లగా కిందికి. నా ఊపిరితోనే నేను పైకీ కిందికీ కదులుతున్నాను. ఇంత వయసులో ఊపిరి అంటే ఏమిటో ఇప్పుడే తెలిసినట్టనిపించింది. పీతొకటి నన్ను చూసి పక్కకు జరిగింది, అంతే, ఇంకే గొప్ప జీవీ కనపడలేదు. నాకు అదే చాలు.

లోతుకు వెళ్లేకొద్దీ ఎర్ర రంగు మాయమవుతుందని విన్నాను, అది నిజమే. నా ఎర్ర ఫిన్స్ గోధుమరంగులోకి మారాయి.

పదోమీటర్ (ఇన్‌స్ట్రక్టర్)

చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయమ్మా. ఆ ఊపిరితో పైకీ కిందికీ కదలడం మొదటి డైవ్‌లోనే పట్టుకున్నారంటే మీ ఇన్‌స్ట్రక్టర్ బరువులు సరిగ్గా పెట్టారు. చాలామందికి అవసరానికి మించి సీసం కడతారు. డైవ్ చివర సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ రెండు కేజీలకు పైగా తేలికవుతుంది, దానికి తగ్గట్టు లెక్క ఉండాలి, అంతకు మించి అక్కర్లేదు. ఎన్ని కేజీలు పెట్టారో లాగ్‌బుక్‌లో (డైవ్‌ల వివరాలు రాసుకునే పుస్తకంలో) రాసుకోండి.

ఇంకో రెండు డైవ్‌లు ఉన్నాయి కదా. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకండి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండి. ఈ వయసులో నేనైతే ఆ మూడు నిమిషాలను ఐదు చేస్తాను. రెండు మూడు డైవ్‌లు అయ్యాక విమానం ఎక్కాలంటే 18 గంటలు ఆగాలి.

ఈతరాదు

వెన్నెల గారూ, నేను ఈతలో చేరాను. నిన్నటికి 60 మీటర్లు. ఒక్క ప్రశ్న: కిందికి దిగుతున్నప్పుడు భయం వేయలేదా?

వెన్నెలకెరటం

వేసిందండీ. నాలుగు మీటర్ల దగ్గర గుండె గట్టిగా కొట్టుకుంది. చేయి అటూ ఇటూ తిప్పి ‘ఏదో బాగోలేదు’ అని సైగ చేశాను, ముగ్గురం ఆగాం. తాడు పట్టుకుని పది శ్వాసలు, వదలడం మీదే దృష్టి పెట్టి. ఇన్‌స్ట్రక్టర్ బొటనవేలు పైకి చూపించి, పైకి వెళ్దామా అని కళ్లతో అడిగారు. నేనప్పుడు ‘ఓకే’ చూపించి కిందికి దిగాను. వెళ్దామని చూపించినా ఎవరూ కాదనేవారు కారు, అది తెలిసి ఉండటమే నన్ను దింపింది.

60 మీటర్లు చాలా ఎక్కువ. మీరు రాస్తూ ఉండండి.

వెన్నెలకెరటం

(మరుసటి రోజు ఉదయం)

చిన్న మాట. ఈ రోజు మూడు, నాలుగు డైవ్‌లు చేయాలి. లేవగానే ఎడమ చెవి బిగుసుకున్నట్టుంది, ముక్కు నొక్కి ఊదితే తెరుచుకోవడం లేదు. దిగడం లేదని ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పేశాను. కూతురు దిగుతోంది. నేను పడవలో కూర్చుని దాని బుడగలు చూస్తాను.

నెమ్మదిబుడగ

చెవి పూర్తిగా తెరుచుకున్నాకే వెళ్లండి. మిగిలిన రెండూ తర్వాత పెట్టుకోవచ్చు, అయిపోయిన డైవ్‌ల లెక్క ఎక్కడికీ పోదు. నీళ్లు బాగా తాగండి, నొప్పి ఎక్కువైతే చెవి డాక్టర్‌కు చూపించండి.